బోల్టు పెట్టమన్న మా సడ్డకుడు

మా సడ్డకుడు పోయాడన్న కబురు నాకు రాయదుర్గం మెట్రో స్టేషన్ మెట్ల మీద అందింది. ఫోన్ చేసింది నా భార్య. "చెల్లె పెనిమిటి ఇగ లేడు" అన్నది. దవాఖానలో అతని మంచం చుట్టూ అందరూ ఉన్నారు. మా మామ, అత్తమ్మ, మరదలు, నా భార్య. ఆఫీసులో ఒక పని చూసుకుని గంటలో వస్తానని నేనొక్కడినే బయటికి వచ్చాను. దిగేవాళ్ళు నన్ను తప్పించుకుని దిగిపోతున్నారు. రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. దుఃఖం ఇంకా రాలేదు. అంతకంటే ముందే ఒక ఆలోచన వచ్చింది. ఆఖరి నిమిషంలో కూడా ఇంటిల్లిపాదీ అతని దగ్గరే ఉన్నారు కదా అని.

ఇది చదివేవాళ్ళు నన్ను తిట్టుకోవచ్చు. కానీ అతని గురించి రాయాలంటే నా అసూయ గురించి చెప్పకుండా కుదరదు. అది నాకూ అతనికీ మధ్య పదేళ్ళ పాటు ఉన్న బంధం.

సడ్డకుడంటే నా భార్య చెల్లెలి భర్త. కొన్ని వైపుల తోడల్లుడు అంటారు. మా మామ సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. ఇల్లు నల్లగండ్లలో. పెద్దమ్మాయిని నేను చేసుకున్నాను. చాలా ఏళ్ళు ఆ ఇంటికి నేనొక్కడినే అల్లుణ్ణి. తర్వాత మా మరదలు మాదాపూర్‌లో తనతో పనిచేసే అనంతపురం అబ్బాయిని చేసుకుంటానంది. మామ ససేమిరా అన్నాడు. "మన దిక్కు పిల్లగాడే దొరకలేదా నీకు" అని ఏడాది పాటు కూతురితో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి ఒప్పుకున్నాడు. పెళ్ళికి నేనే పెద్దరికం వహించి అటూ ఇటూ సర్దిచెప్పాను. అప్పుడు నాకు అతని మీద ఏ కోపమూ లేదు.

పెళ్ళయ్యాక మొదటి ఆదివారం భోజనానికి వచ్చాడు. హాల్లో కూర్చుని నెత్తి మీద గరగరలాడుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"మామా, ఇది కొని ఎన్నేండ్లాయ?"

"చిన్నబిడ్డ పుట్టకముందుది. పారెయ్యాలె ఇగ."

"యాల పారేసేది? స్క్రూడ్రైవర్ ఉందా?"

కొత్త పెళ్ళికొడుకు స్టూలెక్కి ఫ్యాను విప్పాడు. చొక్కా నిండా దుమ్ము. కింద పేపరు పరిచి ముక్కలన్నీ వరసగా పెట్టి, తుడిచి, నూనె వేసి మళ్ళీ బిగించాడు. మామ పక్కన కూర్చుని ఒక్కో ముక్క అందిస్తున్నాడు. నాతో "తిన్నవా, పిల్లలు మంచిగున్నరా" తప్ప వేరే మాట ఎరుగని మనిషి ఆ పూట రెండు గంటలు మాట్లాడాడు. ఏ రూటు బస్సుకు బ్రేకులు ఎలా పట్టేవో, వానాకాలం ఇంజను ఎలా మొరాయించేదో. నాకెప్పుడూ చెప్పలేదు అవన్నీ. నేనెప్పుడూ అడగలేదన్నది వేరే సంగతి. ఆ రోజు మటన్ కూరలో మూలుగున్న నల్లి బొక్క అత్తమ్మ అతని కంచంలో వేసింది. అన్నేళ్ళుగా అది నా కంచంలో పడేది.

అతనికి ఏ వస్తువు చూసినా అదే ప్రశ్న. ఎన్నేండ్లాయ? అత్తమ్మ గ్రైండరుకు, మా ఇంటి తాళానికి, నా చేతి గడియారానికి. పదిహేనేళ్ళు దాటిందంటే అతని ముఖం వెలిగేది. విప్పి మళ్ళీ బిగించడానికి కుదరని వస్తువును చూస్తే మాత్రం "ఇది వస్తువు కాదన్నా, డబ్బా" అనేవాడు.

ఇదంతా ఇంటి సంగతే అయితే నా కుళ్ళు నల్లి బొక్క దగ్గరే ఆగిపోయేది. కానీ కొన్నాళ్ళకు అతను మా ఆఫీసులోనే చేరాడు.

మాది ఒక విదేశీ కార్ల కంపెనీ. రెండు సీట్లుండే, నేలకు ఆనినట్టుండే, మాలో ఎవరమూ కొనలేని స్పోర్ట్స్ కార్లు చేస్తుంది. వాటి ఇంజనీరింగు పనిలో కొంత భాగం రాయదుర్గంలోని మా ఆఫీసులో జరుగుతుంది. నాకు చిన్నప్పటి నుంచి ఆ కార్లంటే పిచ్చి. వికారాబాద్‌లో హాస్టల్ గోడకు వాటి బొమ్మలు అంటించుకున్నవాణ్ణి. కరెంటు కార్ల కాలం వచ్చాక బ్యాటరీల టీంకు పెద్దనయ్యాను. అతనికి ఆ పిచ్చేమీ లేదు. ఒక పాత చిన్న కారులో ఎడమ పక్కన నలభై దాటకుండా నడిపేవాడు. దుర్గం చెరువు వంతెన మీద అతని వెనక ఇరుక్కుని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో. అలాంటివాడిని, రాబోయే ఇరవై ముప్పై ఏళ్ళలో ఈ కంపెనీ ఎలా బతకాలో ఆలోచించే చిన్న బృందంలో వేశారు. ఆ బృందంలోకి నేను రెండుసార్లు అడిగి, కాదనిపించుకున్నాను.

మామకు ఈ ఉద్యోగం వింతగా ఉండేది. ఒక ఆదివారం మా ఇద్దరినీ అడిగాడు. "బయోడైవర్సిటీ చౌరస్తా దాటనీకే అర్ధగంట పడుతది. గంత జోరుగ పోయే బండ్లు కొని యాడ నడుపుతరు వీళ్ళు?"

నేను రేస్ ట్రాకుల గురించి, ఇంజనీరింగు గొప్పతనం గురించి చెప్పబోయాను. అతను మధ్యలో నవ్వాడు. "నడపరు మామా. దాచుకుంటారు. అత్తమ్మ పెండ్లిచీర దాచుకున్నట్ల."

అత్తమ్మ వంటింట్లోంచి నవ్వింది. నా మాట గాలికి పోయింది.

ఆ మాటే తర్వాత నన్ను ఓడించింది. ఒకసారి విదేశం నుంచి కంపెనీ పెద్దాయన వచ్చాడు. ముందు ముందు ఎలాంటి కారు చేయాలన్న దాని మీద రెండు ప్రతిపాదనలు వినడానికి. ఒకటి నాది, ఒకటి అతనిది. నాది పలుచని బ్యాటరీ. కారు అడుగున ప్రత్యేకమైన జిగురుతో అంటించి, శాశ్వతంగా మూసేసేది. బరువు తక్కువ, వేగం ఎక్కువ. మా టీం రెండేళ్ళ కష్టం అది. బాగా చెప్పాను. పెద్దాయన రెండుసార్లు తల ఊపాడు.

తర్వాత అతను లేచాడు. "మా అన్న చేసిన పని నేను చూసినవాటిలో అన్నింటికంటే అందమైనది" అని మొదలుపెట్టాడు. అది మర్యాద కోసం అన్నది కాదు. అందుకే మరింత మండింది నాకు. తర్వాత పెద్దాయనను అడిగాడు, మీ దగ్గరున్న కార్లలో మీకు ఇష్టమైనది ఏదని. ఆయన తన తండ్రి కారు అన్నాడు. తను పుట్టకముందుదట.

"మా అన్న బ్యాటరీ పదిహేనేళ్ళకు నీరసపడుతుంది. దాన్ని ఊడదీయడం ఎవరివల్లా కాదు. అప్పుడు ఆ కారు పాత ఫోన్ లాంటిదే. మీ మనవడు దేన్ని దాచుకుంటాడు?" అన్నాడు. "ఇప్పుడు కరెంటుతో నడిచే ఆఫీసు క్యాబులు కూడా సిగ్నల్ దగ్గర మన కార్లకు దీటుగా దూకుతున్నాయి. వేగం అందరికీ అందిపోయింది. మనం అమ్మగలిగేది, ఎప్పటికీ బాగుచేయగల కారు ఒక్కటే. కొత్తవాటికి బ్యాటరీ అంటించొద్దు, బోల్టు పెడదాం. రాబోయే కాలం బ్యాటరీ ఏదొచ్చినా అందులో కూర్చోవాలి. ఇంతకుముందు అమ్మిన ప్రతి పాత కారుకూ, ఏ ముక్క కావాలన్నా మనమే మళ్ళీ చేసిద్దాం."

నేను ఓడిపోయానని పెద్దాయన నోరు విప్పకముందే తెలిసింది. అతను చెప్పింది నిజమని కూడా తెలిసింది. ఆ రెండోదే మింగుడుపడలేదు.

పెద్దాయనతో పాటు కొనుగోలుదార్లకు చూపించడానికి ఒక కారు వచ్చింది. మెచ్చుకోలుగా మర్నాడు పొద్దున ఔటర్ రింగు రోడ్డు మీద ఆ కారులో తిప్పుతామని అతనికి చెప్పారు. పక్క సీటు ఒక్కటే ఉంటుంది. మర్నాడు నేను ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి మా మామ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. అతను తన సీటు మామకు ఇచ్చేశాడు. నా కళ్ళముందే మామ వంగి, మోకాలు పట్టుకుని, ఆ కారులోకి దిగాడు. తలుపు మూసుకుంది.

తిరిగొచ్చాక అడిగాను. "ఎట్లుంది మామా?"

"మంచిగుంది. కానీ ఎనక తిరిగి చూస్తే మంది లేరు. జర ఒంటరిగనిపించింది" అన్నాడు. అని, గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డుకు చెప్పాడు, "మా చిన్నల్లుడు పంపిండు." ఆ వారమంతా నల్లగండ్లలో కనబడినవాళ్ళందరికీ అదే చెప్పాడట.

ఇంటికొచ్చి నా భార్య దగ్గర వెళ్ళగక్కాను. ఆ సీటు నాకు ఇవ్వొచ్చు కదా, చిన్నప్పటి నుంచి దానికోసం చచ్చిపోతున్నవాణ్ణి నేను కదా అని.

"నాకు గావాలని అడిగినవా ఆయనను?"

"లేదు."

"మరి ఆయనకెట్ల తెలుస్తది?"

అడగకుండానే అతను ఇవ్వాలనుకున్నాను. మామ అడగలేదు కదా.

నిరుడు అతనికి జబ్బు తేలింది. కడుపులో గడ్డ. అప్పటికే ముదిరిందన్నారు. ఆపరేషన్, మందులు, మళ్ళీ ఆపరేషన్. బాగా చిక్కిపోయాడు. అయినా మంచం పక్క మిషన్ల వయసు నర్సులను అడిగి తెలుసుకునేవాడు. ముప్పై ఏళ్ళ తర్వాతి సంగతి ఆలోచించే ఉద్యోగం చేసే మనిషికి డాక్టర్లు నెలల లెక్క చెప్పారు. ఆ తేడా గురించి అతను ఒక్కసారి కూడా మాట్లాడలేదు. చూడడానికి వచ్చినవాళ్ళే ఆ మాటెత్తి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. వాళ్ళకు అతనే మంచినీళ్ళు ఇప్పించేవాడు.

ఒక సాయంత్రం మరదలు క్యాంటీన్‌కు వెళ్ళింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

"అన్నా, నా సీట్లో నువ్వు కూర్చో. పెద్దాయనకు చెప్పేసినా" అన్నాడు.

"నేనెందుకు తమ్మీ? నీ బృందంల పిల్లలున్నరు. నీ మాటంటే పానమిస్తరు."

"అదేనన్నా కష్టం. నేనేం చెప్పినా బాగుందంటారు వాళ్ళు. నువ్వు తప్పు దొరుకుతాదేమోనని నా డ్రాయింగుల్లో ఒక్కో గీత చూసినావు. అంత జాగ్రత్తగా నా పని ఎవురూ చూడలేదు."

నేను తలవంచుకున్నాను. సెలైన్ సీసాలో చుక్కలు పడుతున్నాయి.

"నీకు నేనంటే కుళ్ళని నాకెప్పటి నుంచో తెలుసు" అన్నాడు నవ్వుతూ. "పోగొట్టుకోవాకు. పనికొస్తాది."

నేనూ నవ్వాను. వేరే ఏం చేయాలో తోచలేదు. అతనికి నా మీద ఎప్పుడైనా, దేనికైనా అసూయ కలిగిందా అని అడగాలనిపించింది. ఇంతలో మరదలు టీ తీసుకుని వచ్చింది. అడగలేదు. ఆ తర్వాత మూడు వారాలే ఉన్నాడు.

ఆఫీసులో సంతాపం చెప్పుకోవడానికి అందరూ కూడారు. నిలబడడానికి చోటు లేదు. పాతికేళ్ళ పిల్లలు, అతని దగ్గర ఆరు నెలలు పనిచేసినవాళ్ళు కూడా వెక్కి వెక్కి ఏడ్చారు. నేను పోతే ఇందరు ఏడుస్తారా అని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క వేస్తుండగానే నాకూ ఏడుపు వచ్చింది. ఎప్పుడు మొదలైందో తెలియదు, ఆపుకోవడం నా వల్ల కాలేదు. ఎవరో భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చారు.

ఇప్పుడు అతని కుర్చీలో కూర్చుంటున్నాను. నా పాత టీం వాళ్ళే వచ్చి, నా మాటలతోనే, జిగురు మేలని నాతో వాదిస్తున్నారు. అవి నేనే వాళ్ళకు నేర్పిన వాదనలు. వాటికి అతని వైపు నుంచి జవాబు చెప్పాల్సి వస్తున్నది. ఒకే మనిషి చేతిలో రెండుసార్లు ఓడిపోవడం అంటే ఇదే. కొన్ని చోట్ల అతని లెక్కలో పొరపాట్లు కనిపించాయి. దిద్దాను. దిద్దినప్పుడు సంతోషం వేసింది, దాచను. చూపించడానికి అతను లేడన్నది ఆ వెంటనే గుర్తొచ్చింది.

ఇలాంటి కార్లు చేసే కంపెనీలు ఇంకో ముప్పై ఏళ్ళకు ఉంటాయో లేదో నాకు తెలియదు. అతనికీ తెలియదు. తెలుసునని ఎవరైనా అంటే అతను నమ్మేవాడు కాదు. చేసినవాటిని చావనివ్వకుండా చూసుకుంటే మనల్ని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారనేవాడు.

పోయిన నెల అలా ఒకరు పిలిచారు. విదేశంలో ఒక కొండ ఊళ్ళో ఉండే ముసలావిడ. ఆమె భర్త కారు, వయసులో నాకంటే పెద్దది, ఇంజనులో ఒక పళ్ళచక్రం విరిగి ఏళ్ళ తరబడి కొట్టంలో పడి ఉంది. ఆ చక్రం లోకంలో ఎక్కడా దొరకదు. మా వాళ్ళు పాత డ్రాయింగులు వెతికి, కొత్తది చేయించి పంపారు. ఆమె వీడియో తీయించి పంపింది.

ఆదివారం దాన్ని నల్లగండ్లకు తీసుకెళ్ళి టీవీలో పెట్టాను. అత్తమ్మ, మామ, నా భార్య, మరదలు కూర్చున్నారు. కొట్టం తలుపులు తెరుచుకున్నాయి. రంగు పెచ్చులూడిన ఎర్ర కారు మెల్లగా బయటికొచ్చింది. వాన పడి తడిసిన రోడ్డు. అటూ ఇటూ పొలాలు. కారు దూరంగా పోయి మలుపు తిరిగింది.

"ఇంకొక్కసారి పెట్టు బావా" అన్నది మరదలు.

మళ్ళీ పెట్టాను. ఈసారి మామ కుర్చీ ముందుకు జరుపుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. తీసినవాళ్ళెవరో కెమెరా కదిలించలేదు. ఖాళీ రోడ్డు, నీళ్ళు నిలిచిన గుంటలు. ఇంజను చప్పుడు మాత్రం కొండ అవతల నుంచి చాలాసేపు వినిపిస్తూనే ఉంది, సన్నబడుతూ. ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా వాళ్ళలో ఒక్కరూ నా వైపు చూడలేదు.