గంట మోగించింది బావేనా?

పక్షవాతంతో మాటా కదలికా పోయిన మా బావ కోసం, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, చవక సర్క్యూట్‌తో మెదడు సంకేతాలు పట్టే తలపట్టీ చేసి ఈ రోజు పుంగనూరు తీసుకెళ్లాను. అవునని చెప్పాలంటే ఆయన కుడిచెయ్యి ఎత్తుతున్నట్టు మనసులో అనుకోవాలి. లాప్‌టాప్‌లో గంట మోగుతుంది.

మోగింది. అక్క నమ్మలేదు.

"నువ్వే యాడో నొక్కతాండావు. చేతులు కట్టుకో."

కట్టుకున్నాను. నిజానికి నాకూ అనుమానమే. ఆయనకు తెలీకుండా పళ్లు బిగుసుకున్నా, మెదడు సంకేతమే అనుకుని ఆ పట్టీ మోసపోతుంది.

అక్క బావ ముఖంలోకి చూస్తూ, "పొద్దున సంగటి బాగుండిందా?" అని అడిగింది. గంట మోగలేదు.

"బాగలేదా?"

వెంటనే మోగింది.

"ఆయనేప్పా, ఆయనే! పెండ్లయినప్పట్నుంచీ నా సంగటికి వంకలే!" అంటూ అక్క నవ్వుతూనే ఏడ్చేసింది.

నా అనుమానం ఇంకా తీరలేదు. కానీ అక్కకు చెప్పలేకపోయాను. మీరైతే చెప్పేవారా?