కిటికీ చెక్కలో చిల్లు

చీపురుపల్లి దగ్గర ఒక హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. పిన్‌హోల్ కెమెరా పాఠం వచ్చిన రోజు నాకు ఉదయం నుంచే కోపంగా ఉంటుంది. పిల్లలు ప్రశ్నలు అడగడానికి కూడా జంకుతారు.

అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు. పాడె లేచేటప్పుడు పిల్లలు చూడకూడదని మా మేనత్త నన్ను వీధిగదిలో కూర్చోబెట్టి, తలుపూ కిటికీ మూసేసింది.

"బయటికి సూడకే. సూస్తే జడుసుకుంటావు," అంది.

మిట్టమధ్యాహ్నం. కిటికీ చెక్కలో మిరియం గింజంత చిల్లు ఉంది. గది చీకటి కాగానే, ఎండలో ఉన్న వీధంతా ఎదుటి సున్నం గోడ మీద తలకిందులుగా పడింది. మనుషులు కాళ్లు పైకి పెట్టి నడుస్తున్నారు. వాళ్ల భుజాల కింద పాడె వేలాడుతోంది. శ్మశానం మా ఇంటికి దక్షిణాన ఉంది. గోడ మీద పాడె మాత్రం ఉత్తరానికి, మా గుమ్మం వైపు కదిలింది. అమ్మను వెనక్కి తెస్తున్నారనుకుని, ఆ సాయంత్రమంతా గుమ్మంలో కూర్చున్నాను.

చిల్లు దగ్గర కిరణాలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి కనుక బొమ్మ తిరగబడుతుందని ఏటా బోర్డు మీద గీసి చూపిస్తాను. అత్త కిటికీ తెరిచే ఉంచితే, అమ్మ వెళ్లిపోవడమే చూసేదాన్ని.