జుమ్మా వేళకు పెట్టిన స్క్రిప్ట్

చార్మినార్ దగ్గర గాజులమ్మే ఒక సేఠ్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. కింద దుకాణం, పైన మేము. ఆన్‌లైన్‌లో మా గాజులు ఎవరు చూసినా సర్వర్ ఒక వరుస రాసిపెట్టుకునేది. ఆ వరుసలు చేరే లాగ్ ఫైళ్లు పేరుకుపోతే డిస్క్ నిండి సైటు ఆగిపోతుంది. అందుకని వారం వారం పాతవాటిని కుదించి వేరే డిస్క్‌లోకి మార్చాలి.

ఆ పని భాయ్‌ది. నాకంటే పెద్దవాడు, నా పక్క కుర్చీ. శుక్రవారం మధ్యాహ్నం ప్యాకింగ్ వాళ్లంతా జుమ్మా నమాజుకు పోతారు, ఆర్డర్లు కదలవు, సర్వర్‌కు తీరిక. కాబట్టి ఈ ఆర్కైవు పని అప్పుడే. ఖర్మకొద్దీ, భాయ్ నమాజుకు పోవాల్సిందీ అప్పుడే. ముసలి తండ్రికి భుజమిచ్చి మసీదుకు తీసుకుపోవాలని, ఆయన పక్కన నిలబడాలని అతని ఆశ. ఆయనేమో గోడలు పట్టుకుని ఒక్కడే పోయేవాడు.

చూసి చూసి నాకు విసుగొచ్చింది. ఫైళ్లు కుదించడానికి మనిషెందుకు? ఆ పని చేసే చిన్న ప్రోగ్రాం, ఒక స్క్రిప్ట్ రాసి, శుక్రవారం మసీదులో అజా పిలిచే వేళకు దానంతటదే నడిచేట్టు పెట్టాను.

"ఇగ ఫికర్ లేదు భాయ్, పో," అన్నాను.

పోయాడు. వాడిపోయిన ముఖంతో తిరిగొచ్చాడు.

"అబ్బాజాన్ నన్ను చూసి ఖుష్ కాలే. నౌకరీ పోయిందా అని ఒకటే లొల్లి."

నమ్మించడానికి మరుసటి శుక్రవారం ముసలాయన్ని ఆఫీసుకే తెచ్చాడు. అజా వినబడింది. తెర మీద ఫైళ్ల పేర్లు ఒకదాని వెనక ఒకటి జరిగిపోవడం మొదలైంది. ఆయన కాసేపు చూసి నావైపు తిరిగాడు.

"గిదంతా అదే చేస్కుంటే నా కొడుకేం చేస్తడు బేటా?"

"ఏమన్న ఆగిపోతే చూస్కుంటడు చాచా." గొప్పగా చెప్పాననే అనుకున్నాను.

"మరి చూడాలె గదా. కుర్చీ ఖాళీగుంటే సేఠ్ కండ్లల్ల పడ్తది."

"నేను చూస్త. భాయ్‌ని పోనీ."

"నువ్వు చూస్తే, ఇగ వాడెందుకంటడు సేఠ్."

కొడుకు భుజం నొక్కి కుర్చీలో కూర్చోబెట్టాడు. వాళ్లింట్లో తండ్రి మాటకు తిరుగు లేదు. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు. ముసలాయన మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి మసీదుకు పోయాడు.

నేనక్కడ ఉన్నన్నాళ్లూ ఆ స్క్రిప్ట్ ఒక్క శుక్రవారమూ ఆగలేదు. భాయ్ చేతులు కట్టుకుని, చేయడానికి ఏమీ లేక, దాని ముందే కూర్చునేవాడు.