గల్లీలో ఆగిన పడవ

పెళ్లి కుదరని వయసులో మగపిల్లాడు ఏ బండి నడిపినా అది రథమే అనుకుంటాడు. అలాంటిది ఆ వయసులో నేను ఏకంగా పడవనే లాగుతుండేవాణ్ణి, ఇక నా నడక చూడాలి, నా మాట వినాలి! కరీంనగర్‌లో మానేరు డ్యాం దగ్గర మా బావకు (మా అక్క మొగుడు) రెండు మోటారు పడవలుండేవి. డిగ్రీ తప్పి ఇంట్లో పడుకున్న నన్ను ఆయనే "ఊకె పండుకుంటే పిచ్చి లేస్తది, రా బామ్మర్ది" అని పిలిచి పనిలో పెట్టుకున్నాడు. ఊళ్లల్లో నిమజ్జనాలకూ బతుకమ్మలకూ చెరువు దగ్గర కాపలా పడవ కావాలంటే, దాన్ని ట్రైలర్ మీదికెక్కించి జీపుకు తగిలించి తీసుకెళ్లడం నా పని. ఆ పని నాకు వచ్చింది కొంచెం, వచ్చినట్టు కనబడింది చాలా. అప్పటి నన్ను ఇప్పుడు తలుచుకుంటే, ఎదురుగా ఎవరూ లేకపోయినా మొహం పక్కకు తిప్పుకుంటాను.

ఆ ఏడు నాకు బెల్లంపల్లిలో ఒక సంబంధం చూశారు. పిల్ల తండ్రి బొగ్గుబాయిలో (బొగ్గు గనిలో) దీపాలు పంచే గదిలో పనిచేసి రిటైరయ్యాడు, అందుకని ఆ గల్లీలో అందరికీ ఆయన లాంపు మామ. పిల్ల టీ తెచ్చి ఇచ్చి ఒక్కసారి నా వంక చూసి లోపలికి పోయింది. అంతే, నా పని అయిపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని నేను కాలు మీద కాలు వేసుకుని, "తొందరేం లేదు మామా, నిమ్మలంగ ఆలోచన చేసుకోండ్రి. నాకు గూడ ఇంకో రెండు మూడు సంబంధాలు చూస్తుండ్రు" అన్నాను. (ఎవరూ చూడటం లేదు. ఉన్న ఒక్క హుజూరాబాద్ సంబంధం వాళ్లూ మేము బయల్దేరకముందే రావద్దని ఫోన్ చేశారు.) లాంపు మామ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నీళ్ల మీద బతికేటోనికి పిల్లనియ్యాల్నా అని మేము గూడ జర సోంచాయిస్తున్నం. చెప్పి పంపుతం తియ్యి" అన్నాడు. నెల దాటినా ఏ కబురూ రాలేదు. నేను అన్నం ముందు కూర్చుని పప్పులో వేలితో గీతలు గీసేవాణ్ణి, ఎవరి ఫోన్ మోగినా లేచి నిలబడేవాణ్ణి. ఏమైందిరా అని బావ అడిగితే మాత్రం "నాకేం ఫికరు" అనేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే, సద్దుల బతుకమ్మకు బెల్లంపల్లి అవతలి ఒక చెరువుకు పడవ కావాలని అడిగారు. తెల్లారగానే మా అవ్వ (మా అమ్మే, మేం అవ్వ అంటాం) వచ్చి ట్రైలర్‌కు పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండలు కట్టి, పడవ ముక్కు దగ్గర చాలాసేపు ఏదో సర్దుతూ నిలబడింది. "అయిపోయిందా అవ్వా, పొద్దెక్కుతుంది" అని నేను జీపులోంచే కసురుకున్నాను. "అయిపోయింది పో బిడ్డా, మంచిగ జరుగుతది" అంది. పడవ మంచిగా చేరుతుందని అంటోందనుకున్నాను.

కరీంనగర్ దాటినప్పటి నుంచే జీపు బరువుగా లాగుతోంది. ఎదురుగాలి అనుకున్నాను. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ఆ బరువు ఇంకాస్త పెరుగుతూ వచ్చింది. గోదావరి దాటాక అద్దంలో చూస్తే ట్రైలర్ చక్రాల దగ్గర సన్నటి పొగ. అప్పుడైనా దిగి చూడాలా? చూడలేదు. బుద్ధి మొత్తం ముందున్న బెల్లంపల్లి మీదే ఉంది మరి. చెరువుకు పోవాలంటే ఊళ్లోకి తిరగక్కర్లేదు. కానీ లాంపు మామ గల్లీలోంచి, పూలదండలతో, అంత పెద్ద పడవను లాక్కుంటూ, మోచెయ్యి కిటికీ మీద పెట్టుకుని, అసలు వాళ్లిల్లు అక్కడుందన్న సంగతే గుర్తు లేనట్టు పోవాలని నా కోరిక. అద్దంలో జుట్టు సరిచేసుకుని జీపు గల్లీలోకి తిప్పాను.

లాంపు మామ గుమ్మం ముందు ఒక స్పీడ్ బ్రేకర్ ఉంది. జీపు దాటింది. ట్రైలర్ దాటలేదు. కీచుమని ఒక చావుకేక పెట్టి, రెండు చక్రాలూ బిగుసుకుపోయి, పడవ సరిగ్గా వాళ్ల తలుపుకు అడ్డంగా ఆగింది. ఎంత యాక్సిలరేటర్ తొక్కినా కాలిన రబ్బరు వాసన తప్ప ముందుకు జరగలేదు. ఆ గల్లీలో రెండు బండ్లు పట్టవు. వెనక ఒక ఆటో, దాని వెనక పాలబండి, దాని వెనక ఇంకేవో వచ్చి హారన్లు మొదలుపెట్టాయి. లాంపు మామ తువ్వాలు భుజాన వేసుకుని బయటికొచ్చి పడవను చూశాడు, పొగను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఏం పిలగా, ఇక్కడేడ చెరువున్నది?"

"ఏం లేదు మామా, బండి చెక్ చేస్కుందామని ఆపిన" అన్నాను. (నా జన్మలో నేనాడిన అబద్ధాల్లో ఇంత పనికిమాలింది ఇంకొకటి లేదు.) ఆ అబద్ధం నిలబెట్టుకోవడం కోసం జాకీ తీశాను, చక్రం లేపాను, తిప్పితే తిరగలేదు. చక్రం లోపలి బ్రేకు డ్రమ్మును సుత్తితో కొట్టాను. చల్లారితే వదులుతుందని బకెట్ నీళ్లు అడిగి తెచ్చి పోస్తే గుప్పుమని ఆవిరి లేచి నా మొహాన్నే కొట్టింది. "లోపల బ్రేకు లైనింగు అతుక్కున్నది, డ్యాం నీళ్లల్ల దింపుతం గదా, తుప్పు పడ్తది" అని గల్లీ మొత్తానికీ పాఠం చెబుతూ చక్రం విప్పి, మళ్లీ బిగించి, రెండో చక్రం విప్పాను. లోపల తుప్పు లేదు. చొక్కా నిండా గ్రీసు, నెత్తి నిండా బంతిపూల రెక్కలు. కిటికీ తెర కాస్త పక్కకు జరిగి ఉండటం నాకు కనబడుతూనే ఉంది. చచ్చిపోవాలనిపించింది.

చివరికి జీపుకూ ట్రైలర్‌కూ మధ్య ఉన్న హ్యాండ్ బ్రేకు కర్ర గుర్తొచ్చి దండలు పక్కకు తోశాను. కిందికి ఉండాల్సిన కర్ర ఆకాశం వైపు నిలబడి ఉంది. దానికి పసుపు గుడ్డ ఒకటి మూడు ముళ్లు వేసి కట్టి ఉంది. గుడ్డ రెండో కొసన మూటగట్టిన కొబ్బరికాయ. దారిలో కుదుపులకు ఆ కాయ జారి, జారి, రెండు ఇనుప కమ్మీల సందులో పడి బిగుసుకుంది. అది కిందికి జారిన కొద్దీ, పై కమ్మీ మీదుగా పోయిన గుడ్డ కర్రను పైకి గుంజింది, కర్ర బ్రేకు పట్టింది. కరీంనగర్ నుంచి బ్రేకు వేసుకునే వచ్చానన్న మాట! కొట్టినా తన్నినా ఆ కాయ కదలలేదు. ముడి విప్పితే తప్ప కర్ర దిగదు.

చేతుల నిండా గ్రీసు కదా, ఫోన్ జీపు బానెట్ మీద పెట్టి, స్పీకర్ వేసి అవ్వకు చేశాను. "అవ్వా, బ్రేకు కర్రకు ఏం కట్టినవే?"

అవ్వ ఫోన్‌లో మాట్లాడితే ఫోన్ అక్కర్లేదు. "ముడుపు కొడుకా! గా ఇనుప కట్టె గట్టిగ కనవడ్డది. గా బెల్లంపల్లి పిల్ల మనింటికి రావాలని రాజన్న దేవునికి మొక్కి కట్టిన. ఆళ్ల ఊరికే పోతున్న బండాయె, జల్ది కుదురుతదని. నెల సంది నువ్వు తింటలేవు, పంటలేవు, గా పిల్ల పేరు కలవరిస్తున్నవు, నేను సూడలేక పోతున్న బిడ్డా. హుజూరాబాదోల్లు గూడ వద్దనిరి, ఇంకో సంబంధమన్నా లేకపాయె..."

ఫోన్ ఆపుదామని ఉరికితే గ్రీసు వేలికి తెర పలకలేదు. ఒకసారి నొక్కాను, ఇంకోసారి నొక్కాను, అవ్వ మాట్లాడుతూనే ఉంది. వెనక హారన్లు కూడా ఆగిపోయాయి, ఆటో అతను వినడానికి దిగి ముందుకొచ్చాడు. "అన్నా, కలవరిస్తవా?" అని జాలిగా అడిగాడు. అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ట్రైలర్ కిందికి దూరి పడుకున్నాను. పని ఉన్నట్టు.

"గది నేను విప్పుత, జరుగు" అని పాలబండి అతను చెయ్యి పెట్టబోయాడు. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చూస్తున్న పిల్ల బాపమ్మ, అంటే లాంపు మామ తల్లి, గట్టిగా కేకేసింది. "ఆగుర్రి! మొక్కు తీరక ముందు ముడుపు ఇప్పుతరా ఎక్కడన్న? రాజన్న తోని ఆటలా?" కాయను సుత్తితో పగలగొడదామన్న ఇంకొకతన్ని అయితే కర్ర పట్టుకుని కొట్టబోయింది. ఫోన్‌లోంచి మా అవ్వ కూడా "ఇప్పద్దు, ఇప్పద్దు అత్తమ్మా, మీ కాళ్లు మొక్కుత" అని అందుకుంది.

"మరెట్ల?" అన్నాడు లాంపు మామ. "మొక్కు తీరేదాక గీ పడవ నా తలుపుకే ఉండాల్నా?"

"మొక్కు తీరుడు నీ చేతులనే ఉన్నది గదరా" అంది బాపమ్మ.

గల్లీ అంతా లాంపు మామ వైపు చూసింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "సోంచాయించాలె" అన్నాడు. ట్రైలర్ కింద నాకు రోడ్డు, చెప్పులు తప్ప ఏమీ కనబడటం లేదు. ఇక ఆయన కాదంటాడు, ముడి విప్పేస్తారు, నేను పడవ పట్టుకుని పోతాను, ఈ ఊరి మొహం మళ్లీ చూడను అనుకున్నాను. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందో, అంత గట్టిగా డ్రమ్మును నేను కూడా కొట్టలేదు. అంతలో గడప దగ్గర పట్టీలున్న పాదాలు వచ్చి ఆగాయి.

"నెల సంది మీరు మీరే సోంచాయిస్తుండ్రు బాపూ. నన్నెవలన్న అడిగిండ్రా?"

తర్వాత గొంతు తగ్గించి, "మొక్కు తీరినట్టే, ముడి విప్పుమనుండ్రి" అంది.

బాపమ్మ చప్పట్లు కొట్టింది. ఫోన్‌లో అవ్వ ఏడుపు వినిపించింది. నేను ఆ తొందరలో లేచి, తల ఇనుప కమ్మీకి కొట్టుకుని, నుదుటి మీద బొప్పితో బయటికొచ్చాను. ఆ బొప్పి చూసి ఆమె నవ్వింది. ముళ్లు మాత్రం నా గ్రీసు చేతులతో విప్పలేకపోతే లాంపు మామే కూర్చుని విప్పాడు, "బాయిల దీపాలు పట్టుకున్న చెయ్యి, ఏం చేస్తున్ననో ఏమో" అని గొణుక్కుంటూ. సాయంత్రం బతుకమ్మల వేళకు పడవ చెరువులో ఉంది.

పెళ్లయ్యాక ఒకనాడు అడిగాను, "ఆ నెలంత ఎందుకు నోరు మెదుపలే?" అని. ఆమె చిక్కుడుకాయ తుంచుతూ, తల ఎత్తకుండానే చెప్పింది. "నీకు ఇంకో రెండు మూడు సంబంధాలున్నయంటివి. కావాలన్నోడైతే గట్ల అంటడా అనుకున్న. మీ అవ్వ చెప్పినంకనే ఎరుకైంది." నేను మొహం కడుక్కునే నెపంతో బయటికి పోయాను.

ఇప్పుడు పడవలు నావే. ప్రతిసారీ బండి తీసేముందు ఆమె గుమ్మంలోంచి "బ్రేకు కర్ర దించినవా?" అని అడుగుతుంది, నేను దిగి వెళ్లి చూస్తాను. అత్తగారింటికి మాత్రం బండి మీద పోను, బెల్లంపల్లి బస్టాండులో దిగి నడుస్తాను. ఆ ఆటో అతను ఇంకా అక్కడే ఉన్నాడు, నన్ను చూడగానే "అన్నా, తింటున్నవా, పంటున్నవా?" అంటాడు. తింటున్నానని చెబుతాను.