పనికిరాదని రాసిన నెత్తురు చుక్క

పదమూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పాఠం చెప్పేటప్పుడూ అది నాతోనే ఉంది, సభలో శాలువా కప్పించుకునేటప్పుడూ ఉంది. నా పేరు చెప్పను. నా ధైర్యం అంతవరకే. జరిగింది మాత్రం మీ దగ్గర దాచను.

మాది ఎర్రగుంట్ల. నాన్న సిమెంటు లారీ నడిపేవాడు. మా ఇంట్లో డాక్టరేటు వరకు చదివింది నేనొక్కదాన్నే. కర్నూలులో ఒక ఆసుపత్రి ల్యాబులో పసిబిడ్డల నెత్తురు మీద పరిశోధన చేసేదాన్ని. పుట్టిన రెండో మూడో రోజున బిడ్డ మడమ మీద సన్నని సూదితో గుచ్చి, నాలుగు చుక్కలు మందపాటి కార్డు మీద అద్ది ఆరబెడతాం. థైరాయిడ్ సరిగా పనిచేయని బిడ్డ ఉంటే అందులో తెలిసిపోతుంది. మొదటి వారాల్లోనే రోజుకో చిన్న మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే పెరుగుతుంది. ఆలస్యమైతే బుద్ధి ఎదగదు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ భవనంలో లేరు.

ఒక కార్డులో థైరాయిడ్ లోపాన్ని చూపే అంకె చాలా ఎక్కువగా వచ్చింది. ఆత్మకూరు నుంచి కాన్పుకొచ్చినామె బిడ్డ. ఆమెను ఓబుళమ్మ అంటాను, అసలు పేరు అది కాదు. ఆ పూటే కబురు పంపి, బిడ్డను రప్పించి మళ్ళీ పరీక్ష చేయాలి. కానీ మా పని చూడటానికి పైనుంచి పెద్దలు వచ్చే వారం అది. ఇది తేలేదాకా నివేదిక ఆగిపోతుంది. ఆ కార్డు మీద రెండు చుక్కలు కాస్త కలిసిపోయి ఉన్నాయి. నాకు ఆ సాకు చాలింది. 'నమూనా పనికిరాదు' అని రిజిస్టరులో రాసి పక్కన పెట్టేశాను. తర్వాత పిలిపిద్దాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అనుకున్నట్టు ఇప్పుడు నాకు నేనే చెప్పుకుంటున్నానా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు. పెద్దలు వచ్చారు, మెచ్చుకుని వెళ్ళారు. నేను కబురు పంపలేదు.

ఏడు నెలలకు ఓబుళమ్మ బిడ్డను చంకనేసుకుని మా ల్యాబు కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో పిల్లల డాక్టరు రాసిచ్చిన చీటీ. బిడ్డ మెడ నిలపడం లేదు. నాలుక కొంచెం బయటికే ఉంది. పరీక్ష చేయకముందే నాకు తెలిసిపోయింది.

"మేడమ్, మీరే గదా ఆ పొద్దు బిడ్డ మడమకు సూది గుచ్చింది? ఏడ్సనే ఏడ్సదు, శానా నెమ్మదైన బిడ్డ అని మురిసిపోతిమి. అప్పుడు తీసిన నెత్తురులో ఏమీ తెలీలేదా?"

"అప్పుడు అంతా బాగానే ఉన్నిందమ్మా," అన్నాను.

"అయితే నా పాలల్లోనే ఏదో దోషముండాదేమో మేడమ్."

కాదని చెప్పలేదు. కార్డు పక్కన పెట్టినప్పుడు తొందర ఉందనుకోవచ్చు. ఈ తల్లి తనను తాను నిందించుకుంటుంటే నోరు మూసుకుని నిలబడ్డాను కదా, అప్పుడు ఏ తొందరా లేదు.

మాత్రలు మొదలయ్యాయి. ఆ పిల్ల ఆలస్యంగా నడిచింది. మాటలు కొన్నే వచ్చాయి. నా వ్యాసం అచ్చయింది, ఉద్యోగంలో పైకొచ్చాను. ఒక్క కార్డు వదిలినా కోప్పడతానని, నిక్కచ్చి మనిషినని విద్యార్థులకు నేనంటే గౌరవం.

ఈ ఏడాది ఒక విద్యార్థిని అలాంటి కార్డే తెచ్చి, తీసేద్దామా మేడమ్ అని అడిగింది. వద్దు, బిడ్డను పిలిపించమన్నాను. మళ్ళీ చేసినా ఎక్కువే వచ్చింది, వెంటనే మాత్ర మొదలైంది. మూడు నెలల తర్వాత ఆ బిడ్డ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు తట్టుకోలేకపోయాను.

పోయిన నెల ఆత్మకూరు వెళ్ళాను. ఓబుళమ్మ వాకిట్లో ఎండుమిరప తొడిమలు తీస్తోంది. కూతురు పక్కన కూర్చుని ఒక్కో కాయే గంపలో వేస్తోంది. నిలబడే అంతా చెప్పాను. ఆమె పాలల్లో ఏ దోషమూ లేదని రెండుసార్లు చెప్పాను. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. చేతిలోని మిరపకాయ గంపలో పడేసింది.

"రాసియ్యి," అంది. "ఇదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టియ్యి. మా ఇంట్లోవాళ్ళకు చూపించల్ల."

ఈసారి మేడమ్ అనలేదు.

అరుగు మీద కూర్చుని రాశాను. ఆమెకు చదువు రాదు, నాతోనే చదివించుకుంది. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదివాను. ఆమె కాగితం మడిచి పట్టుకుని, కూతురి చెయ్యి పట్టి లేపి, లోపలికి పోయి తలుపేసుకుంది. క్షమించమని నేను అడగలేదు. ఏ ముఖంతో అడగను?

ఆ కాగితం ఆమె ఎవరికైనా చూపించవచ్చు. నా ఉద్యోగం పోవచ్చు. ఏం జరిగినా ఆ పిల్లకు పోయింది తిరిగి రాదు. అది తెలిసి కూడా, తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నాకు ఊపిరి తేలిగ్గా ఆడింది. అదీ ఒప్పుకుంటున్నాను.