రైలు గుమ్మంలో విడిచిన చెప్పులు

కాలేజీ అప్పుడే ముగించిన ఆ రోజుల్లో, లోకంలో నాకు తెలియనిదంటూ ఏదీ లేదని గట్టి నమ్మకం. (ఇప్పుడు మా పాప ఒక్కసారి తుమ్మితే నాకు నిద్ర పట్టదు.) ఇన్‌సేన్ వైపు, అంటే ఊరి అవతలి కొసన, ఒక చిన్నపిల్లల బడిలో ఉద్యోగానికి మాట్లాడదాం రమ్మన్నారు. అది రాకపోతే పెదనాన్న పప్పుల దుకాణంలో కూర్చోవడమే. తోడుగా నానమ్మ బయలుదేరింది.

పజుండౌంగ్‌లో మా ఇంటికి దగ్గరి స్టేషన్ రోడ్డుకంటే బాగా కిందికి ఉంటుంది. పైన వంతెన మీద బస్సులు పోతుంటే, మెట్లు దిగి చల్లటి నీడలోకి వెళ్లాలి. చిన్నప్పటి నుంచీ నాకది పాతాళమే. ఆ పాతాళంలోంచి బయలుదేరిన రైలు ఊరంతా చుట్టి మళ్లీ అక్కడికే రావడం ఎన్నిసార్లు చూసినా వింతే. నానమ్మ వంగి ప్లాట్‌ఫారం తాకి కళ్లకద్దుకుంది. "మా అయ్య మనూరి నుంచి ఓడెక్కొచ్చి ఈ పట్టాల కింద రాళ్లు పరిసినోడే. దండం ఎట్టు." పెట్టాను. ఇంతలో కొత్త పెట్టెల రైలు వచ్చింది. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. లోపల నేల అద్దంలా మెరుస్తోంది. ఆ భక్తిలో, పగోడా మెట్ల దగ్గర విడిచినట్టు చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టాను. తలుపులు మూసుకున్నాయి. నా కొత్త వెల్వెట్ చెప్పులు ప్లాట్‌ఫారం మీద వెనక్కి వెళ్లిపోయాయి.

"దండం ఎట్టమన్నాను గానీ సెప్పులు ఇప్పమన్నానేటే?"

"నువ్వే కదా గుడిలాగా మొక్కావు!"

"నా కాళ్లకున్నాయి కావేటి! ఉత్తికాళ్లతో ఎల్తే ఉద్యోగమిస్తారా? ఇయ్యి తొడుక్కో."

నానమ్మ రబ్బరు చెప్పులు నాకు పడవలు. టపటపా ఈడ్చుకుంటూ బడికి వెళ్తే, గుమ్మం ముందు చెప్పుల గుట్ట! లోపల పెద్ద టీచరమ్మతో సహా అందరూ ఉత్తికాళ్లే. (ఈ దేశంలోనే పుట్టి పెరిగినదానికి, ఇక్కడ బడిలోకైనా చెప్పులు విడిచే వెళ్తారన్న సంగతి దారిపొడవునా గుర్తు రాలేదు.) "రేపటి నుంచి రా, సయామా" అంది ఆవిడ. నన్ను టీచరని ఎవరైనా పిలవడం అదే మొదలు.

నానమ్మ చెప్పులు నానమ్మకిచ్చేసి, వచ్చిన దారినే పోదామన్నాను. "ఎందుకే? ముందుకెల్లినా ఆడికే సేరుద్ది. మా అయ్య గుండ్రంగానే ఏసాడు." కిటికీలో వరి పొలాలు, బాతుల మడుగులు, ఆకుకూర మోపులు రైల్లోకి ఎక్కే సంత. పుట్టిన ఊరు ఇంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది.

దిగి చూస్తే చెప్పులు అక్కడే ఉన్నాయి. ఎవరో వాటిని స్తంభం పక్కకు జరిపి, మెట్ల వైపు తిప్పి జతగా పెట్టారు, దిగినవాళ్లు తొడుక్కుని పోవడానికి వీలుగా. ఈసారి ఎవరూ చెప్పకుండానే దండం పెట్టాను.

మొన్న పాపను మొదటిసారి ఆ మెట్లు దింపాను. రైలు రాకముందే దాని చెప్పులు ఊడదీసి సంచిలో వేసుకుని, దాన్ని చంకనెత్తుకున్నాను.

"ఎందుకమ్మా?"

"పోతాయే, తల్లీ."

"రైలు మళ్లీ ఇక్కడికే వస్తాది కదా!"

ఉత్తికాళ్లతో, ఏ దిగులూ లేకుండా ఊరు చుట్టొచ్చిన ఆనాటి నేను గుర్తొచ్చి నవ్వొచ్చింది. పాపకు ఒక చెప్పు తీసి తొడిగాను. రెండోది మాత్రం ఇల్లు చేరేదాకా సంచిలోనే ఉంది.