ఆరో గూడ్సు పెట్టె

ఆ ఉదయం నంద్యాలలో మా కాన్వెంటు హాస్టలు కిటికీ ఊచలకు పట్టిన తుప్పు వానకు కరిగి, సున్నం గోడ మీద సన్నని చారగా దిగి ఉంది. పైన చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ పలచగా. ఈసారి ఆళ్ళగడ్డ వెళ్ళినప్పుడు పెద్దనాయనకు చెప్పాలనుకున్నాను. అంతలో మా ఊరి బస్సు కండక్టరు గేటు దగ్గరికి వచ్చి, తెల్లవారుజామున ఆయన పోయాడని చెప్పాడు.

పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, నంద్యాల యార్డులో ముప్పై ఏళ్ళు గూడ్సు పెట్టెలను తనిఖీ చేశాడు. వర్క్‌షాపులో బాగుచేసి కొత్తగా రంగు వేసిన పెట్టె పక్క గోడ మీద ఆ తేదీ, వర్క్‌షాపు ఉన్న ఊరి పేరు రాసి పంపుతారు. ఏ పెట్టె దగ్గరికి వెళ్ళినా ఆయన మొదట చూసేది ఆ రాతే.

రిటైరై ఆళ్ళగడ్డలో మా పక్కింటికి వచ్చాక, టీ పెట్టెల చెక్కతో, కిరసనాయిలు డబ్బా రేకుతో జానెడేసి గూడ్సు పెట్టెలు ఆరు చేశాడు. చెయ్యడానికి మూడు నెలలు పట్టింది. నిజం పెట్టెల్లా పాతవిగా కనబడేటట్టు చెయ్యడానికి ఏడాది పట్టింది. ఇటుక పొడి, దీపపు మసి, నల్లరేగడి దుమ్ము తుమ్మబంక నీళ్ళలో కలిపి, వేపపుల్లతో పూసేవాడు.

నేను సెలవులకు వచ్చి, ఆయన బనగానపల్లెకు వెళ్ళిన రోజున ఆ ఆరింటినీ కుంకుడు రసంతో కడిగి ఎండలో వరుసగా పెట్టాను. కాన్వెంటులో మాకు శుభ్రతకు మార్కులుండేవి. ఆయన మెచ్చుకుంటాడనుకున్నాను.

పెద్దమ్మ చూసి తల పట్టుకుంది. "ఏందిమ్మే ఈ పని? ఏడాది కూసోని పూసినాడు మీ పెద్దనాయన. ఆయప్పకు చేతులు వణుకుతాండాయి, మళ్ళా యాడ చేస్తాడు?"

సాయంత్రం ఆయన వచ్చి ఒక్కొక్కటే తిప్పి చూశాడు. "బాగనే తోమినావు పాపా. పెండ్లికి పోయేటట్ల ఉండాయి," అన్నాడు. మర్నాడు వేపపుల్ల నా చేతికిచ్చాడు.

అప్పటి నుంచి ప్రతి సెలవుల్లోనూ ఆయన చెప్పడం, నేను పూయడం.

"ఊరికే పూస్తాండావే. ముందు చెప్పు, ఈ పెట్టెలో ఏమి పోతాంది?"

సున్నపురాయి అన్నాను.

"అట్లయితే తలుపు కింద తెల్లగుండాల. వాన పైనుంచి వస్తాది, బురద కిందినుంచి వస్తాది. రెండూ యాడ కలుస్తాయో చూడు."

ఎక్కువ పూస్తే, "అది పెట్టె కాదుమ్మే, మడుగులోంచి లేసొచ్చిన బర్రె," అనేవాడు. పుస్తకంలోంచి తల ఎత్తి గోడనూ, గొళ్ళేన్నీ, బండి చక్రాన్నీ చూడటం నాకు అలవాటైంది ఆయన వల్లే.

రెండేళ్ళలో ఐదు పూర్తయ్యాయి. ఆరోది తీసుకోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "దాన్ని నాకిడ్సిపెట్టు."

ఆ ఒక్కదాని విషయంలో నన్ను క్షమించలేదేమో అనుకున్నాను. తర్వాత అది అరుగు మీద కనబడలేదు. వెళ్ళినప్పుడల్లా మిగతా ఐదింటి వైపు చూసి, ఏమీ అడగకుండానే నంద్యాల బస్సెక్కేదాన్ని.

కర్మలు అయ్యాక పెద్దమ్మ ఆయన ట్రంకు తెరిచి, పంచె మడతలోంచి దాన్ని తీసింది. "నీకే ఇయ్యమన్నాడు."

నేను కడిగినప్పటిలాగే ఉంది. ఒక్క మరక లేదు, అప్పుడే వర్క్‌షాపు నుంచి వచ్చినట్టు. పక్క గోడ మీద మాత్రం తెల్లరంగుతో, వణికిన అక్షరాల్లో, నేను కడిగిన రోజు తేదీ. దాని కింద, వర్క్‌షాపు ఊరి పేరు రాసే చోట, ఆళ్ళగడ్డ అని ఉంది.

ఆళ్ళగడ్డకు రైలు లేదు.